ముందు వేళ, తర్వాతే చోటు

కౌలాలంపూర్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ మూడు రోజులున్నాను. ఆ మూడు రోజులూ తిన్నది నాన్, పనీరు కూర, జీరా రైసు. టూరు వాళ్ల ప్యాకేజీలో భోజనం కూడా కలిపి ఉంది. బస్సు ప్రతి పూటా ఒకే చోట ఆగేది, దిగి తినేసి మళ్లీ ఎక్కేవాళ్లం. వెంట అమ్మ ఉంది, ఆవిడ శాకాహారి. ఇదే నయం అనుకున్నాం తప్ప ఇంకోటి అడగాలని కూడా తోచలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం తిరుగు విమానం. ఆ పొద్దున నిద్ర పట్టక ఆరున్నరకు కిందికి దిగాను. అక్కడ ఏడు దాటితే గాని తెల్లవారదు, బయట ఇంకా చీకటిగానే ఉంది. హోటల్ వెనక సందులో ఒక మడత బల్ల, దానిమీద పెద్ద గొడుగు, గొడుగు కాడకు కట్టిన చిన్న లైటు కనిపించాయి. తలకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ బల్ల వెనక నిలబడి ఉంది. బల్లమీద కాగితం చుట్టిన పొట్లాలు బుల్లి గోపురాల్లా పేర్చి ఉన్నాయి. పనికి పోయేవాళ్లు మోటారు సైకిలు దిగకుండానే రెండేసి పొట్లాలు అందుకుని వెళ్లిపోతున్నారు. నేను ఒక వేలు చూపించాను. ఒక పొట్లం నా చేతిలో పెట్టింది.

హోటల్ మెట్లమీద కూర్చుని విప్పాను. కాగితం లోపల అరటాకు. ఆకు తెరవగానే వేడికి కమిలిన ఆకు వాసన ముందు తగిలింది, దాని వెనకే కొబ్బరిపాల వాసన. లోపల పిడికెడంత అన్నం ఉంది. కొబ్బరిపాలలో, మన మొగలిపొద జాతికి చెందిన పందాన్ ఆకు వేసి వండిన అన్నం అది. నడుమ సాంబల్ అనే ముదురెరుపు మిరపముద్ద, పక్కన కరకరలాడే నెత్తళ్లు, వేయించిన పల్లీలు, రెండు కీరా ముక్కలు, సగం కోడిగుడ్డు. సాంబల్ నాలుకకు తగిలితే ముందు తీపి, తర్వాత చింతపండు పులుపు, అన్నీ అయిపోయాక చెవుల దాకా కారం. అదే నాసి లెమాక్. మూడు రోజులు నేను వెతకని తిండి నా గది కిటికీ కిందే రోజూ అమ్ముడుపోతూ ఉందన్నమాట. ఇంకో పొట్లం కొనుక్కుందామని తొమ్మిదిన్నరకు మళ్లీ దిగాను. బల్ల లేదు, ఆవిడా లేదు, నేల మాత్రం శుభ్రంగా ఊడ్చి ఉంది.

అప్పటినుంచి మలేషియా వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను ముందు వేళ గురించే మాట్లాడతాను. 'అక్కడ ఎక్కడ తింటే బాగుంటుంది?' అని అందరూ అడుగుతారు. 'ఎప్పుడు తినాలి?' అని అడిగినవాళ్లు తక్కువ. మన ఊళ్లో బస్టాండు పక్క ఇడ్లీ బండి పదకొండింటికి ఉంటుందా? ఉండదు. ఇంట్లో రుబ్బుకుని వండుకొచ్చినదంతా చెల్లిపోగానే ఆ బండాయన వెళ్లిపోతాడు. కౌలాలంపూర్‌లో కూడా అసలైన ఇంటివంట చాలావరకు ఇలాగే నడుస్తుంది. ఆ బల్లకు బోర్డు ఉండదు, ఫోనులో వెతికితే కనిపించదు. దానికి ఉన్న చిరునామా అది పెట్టే వేళే. మధ్యాహ్నం పన్నెండుకు నాసి లెమాక్ కోసం బయల్దేరితే మాల్‌లో దొరుకుతుంది. అది తిని, 'ఓహో, ఇంతేనా' అనుకుని వచ్చేస్తాం.

పొద్దుటి తిండిని మాత్రం అస్సలు వదులుకోకండి. మలేషియా ఉదయపు ఫలహార సంస్కృతిని 2024 డిసెంబరులో యునెస్కో తన అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. నాసి లెమాక్, రోటి చానాయ్ అనే పొరల రొట్టె, తే తారిక్ అనే టీ ఆ గుర్తింపులో ముందు వరసలో ఉన్నాయి. మలయ్‌లు, చైనీయులు, భారత సంతతివాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే పూట అది. హోటల్ గదిలో ఉచితంగా ఇచ్చే టోస్టు కోసం ఆ పూటను పోగొట్టుకోవడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒక ఇబ్బంది ఉంది: వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడి ఆరున్నర మన ఒంటికి తెల్లవారుజాము నాలుగు. అందుకే మొదటి రాత్రి షాపింగుకు తిరగకుండా త్వరగా పడుకోండి.

పొద్దున తొమ్మిది దాటితే పొట్లాల వేళ అయిపోతుంది. పదకొండున్నర నుంచి అన్నం వేళ. మూడు నుంచి అయిదు దాకా వాళ్లు 'మీనుమ్ పెతాంగ్' అంటారు, అంటే సాయంత్రపు టీ. అరటిపండు బజ్జీలు, కుయిహ్ అనే చిరుతిళ్లు అప్పుడు బయటికి వస్తాయి. చీకటి పడ్డాక నిప్పులమీద కాల్చినవి, అర్ధరాత్రి దాకా మామాక్ అనే టీ కొట్టు. రోజంతా ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది కానీ, అన్నీ ఎప్పుడూ దొరకవు.

వేళ తెలిశాక చోటు తేలిక. జంట గోపురాలను అందరూ చూస్తారు కదా, అక్కడి కేఎల్‌సీసీ స్టేషన్‌లో కెలానా జయ లైను రైలెక్కి ఒక్క స్టేషను వెళ్తే కంపుంగ్ బారు. కంపుంగ్ అంటే పల్లె, బారు అంటే కొత్త. 1900 ప్రాంతంలో బ్రిటిషువాళ్లు మలయ్ కుటుంబాల సాగు కోసం కేటాయించిన నేల ఇది. చుట్టూ అద్దాల మేడలు లేచినా ఇక్కడ కొన్ని వీధుల్లో చెక్క ఇళ్లు, పెరళ్లలో అరటి, కొబ్బరి ఇంకా ఉన్నాయి. జలాన్ రాజా ముడా మూసా అనే వీధి పట్టుకుని నడిస్తే రెండు పక్కలా తిండి కొట్లే. అక్కడికి దగ్గర్లోనే చౌ కిట్ బజారు. దానికి మోనోరైలు స్టేషను ఉంది. బజారు లోపల చేపలు, కూరలు, ఆకులు, అంచుల్లో చిరుతిళ్ల బల్లలు. వంట మీద ఆసక్తి ఉన్నవాళ్లు తినకముందే ఈ బజారు ఒకసారి తిరగాలి. లెంగ్‌క్వాస్ దుంప, నిమ్మగడ్డి, పసుపు ఆకు, బుంగా కంతాన్ అనే గులాబిరంగు పూమొగ్గ ఇక్కడ పచ్చిగా చూస్తే, తర్వాత పళ్లెంలో ఏ వాసన దేనిదో నాలుక పట్టుకుంటుంది.

జలాన్ ఆలోర్ అనే తిండి వీధి గురించి చాలామంది చెబుతారు. దీపాల వెలుగులో ఒక సాయంత్రం చూడటానికి బాగుంటుంది. పల్లె వంట కోసమైతే నేను అక్కడికి పంపను. బోర్డుమీద 'మసాకన్ కంపుంగ్' అని కనిపిస్తే ఆగండి, పల్లెవంట అని దానర్థం. 'మెడాన్ సెలేరా' అని ఉంటే అది చిన్న చిన్న కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉన్న చోటు. ఈ రెండు మాటలూ గుర్తుంటే పేరు తెలియని పేటలో దిగినా ఆకలితో తిరగాల్సిన పని లేదు.

ఇక మధ్యాహ్నం అన్నం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేది ఇక్కడే. నాసి చంపుర్ కొట్టులో మెనూ ఉండదు, వచ్చి అడిగేవాళ్లూ ఉండరు. బారుగా వేసిన బల్లమీద ఇరవై ముప్పై రకాల పళ్లేలు వరసగా ఉంటాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, వెనక ఆఫీసువాళ్లు నిలబడి ఉంటారు, మొహమాటం వేస్తుంది. పద్ధతి మాత్రం చాలా సులువు. పళ్లెం తీసుకుని ముందు అన్నం పెట్టుకోవాలి, కొన్నిచోట్ల వాళ్లే పెడతారు. తర్వాత 'లౌక్', అంటే అన్నంలోకి నంజుళ్లు, రెండో మూడో చాలు. దానిమీద ఒక గరిటె 'కువాహ్', అంటే పులుసు. అంచున కాసిని పచ్చి ఆకులు. ఆ పళ్లెంతో వెళ్లి కూర్చుంటే ఒకరు వచ్చి చూసి ధర చెబుతారు, కొన్నిచోట్ల కౌంటరు దగ్గరే చెబుతారు. వాళ్లు కంటితో చూసి లెక్క కడతారు. అందుకని పెద్ద రొయ్య, చేప తలకాయ లాంటివి వేసుకునే ముందు ధర అడగడం మంచిది. మిగతావి చవకే. పన్నెండుకు ముందే వెళ్లండి. ఒంటిగంటకు వెళ్తే మంచి పళ్లేలు ఖాళీ అయి ఉంటాయి.

ఏం వేసుకోవాలి? మొదటిసారి నేను అసమ్ పెడాస్‌తో మొదలుపెట్టమంటాను. అసమ్ అంటే పులుపు, పెడాస్ అంటే కారం. చింతపండు పులుసులో ఉడికిన చేప అది. గోదావరి జిల్లాల చేపల పులుసు తిన్న నాలుకకు మొదటి ముద్దలోనే చుట్టరికం తెలుస్తుంది. రెండో ముద్దకు తేడా తెలుస్తుంది: మనం మెంతులూ కరివేపాకూ వేసే చోట వాళ్లు కెసుమ్ ఆకు, బుంగా కంతాన్ మొగ్గ వేస్తారు. తర్వాత మసాక్ లెమాక్ చిలి ఆపి. పచ్చి పసుపు, కొబ్బరిపాలు, చిట్టి మిరపకాయలు కలిసిన పసుప్పచ్చని పులుసు. నెగెరి సెంబిలాన్ రాష్ట్రం దీనికి పేరు. చూడటానికి చల్లగా కనిపిస్తుంది, గుంటూరు కారం అలవాటున్నవాళ్లకు కూడా కళ్లు చెమరుస్తాయి. పచ్చి ఆకుల్ని ఉలామ్ అంటారు. అందులో పెగాగా అనేది మన సరస్వతి ఆకే. మనం మందుగా దాచుకున్నదాన్ని వాళ్లు రోజూ అన్నంలో నంజుకుంటారు. కెలంతాన్ వాళ్ల కొట్టు కనిపిస్తే నాసి కెరాబు అడగండి. అన్నం నీలంగా ఉంటుంది. అది శంఖుపూల రంగు.

అడగండి అన్నాను. నిజానికి ఈ అధ్యాయంలో కష్టమైన భాగం అదే. మనకు ఇంగ్లీషులో హోటల్ గది బుక్ చేయడం వచ్చు, విమానం మారడం వచ్చు. రోడ్డుపక్క బల్ల దగ్గర నిలబడి 'ఇది ఏమిటి?' అనడానికి మాత్రం నోరు పెగలదు. తెలియనివాళ్లమని తెలిసిపోతుందని బెరుకు. తెలిసిపోనివ్వండి. వండినవాళ్లకు తమ వంట గురించి అడిగితే కోపం రావడం నేనెక్కడా చూడలేదు. 'ఇని ఆపా?' అంటే ఇది ఏమిటి. దానికి ముందు వరస కలపండి. మనలాగే వాళ్లూ కొత్తవాళ్లను చుట్టరికంతోనే పిలుస్తారు. మీకంటే కాస్త పెద్దావిడైతే 'కక్', అంటే అక్క. మగవాళ్లయితే 'అబాంగ్', అన్న. పెద్దవయసావిడ 'మాక్‌చిక్', మన పిన్ని. పెద్దాయన 'పాక్‌చిక్', మన బాబాయి. రెండోసారి వెళ్లినప్పుడు కంపుంగ్ బారులో ఒకావిడతో 'మాక్‌చిక్, ఇని ఆపా?' అన్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, నాలుగు పళ్లేల పేర్లు ఒక్కొక్కటే వేలితో చూపించి చెప్పింది. ఏది కారమో చెప్పడానికి చేత్తో నోటిదగ్గర విసురుకుంది. సాంబల్ గిన్నె దగ్గర ఆగి 'పెచాహ్ మిన్యాక్' అంది. నూనె విరిగేదాకా వేయించాలని ఆ మాటకు అర్థం. మా అమ్మ కూడా గోంగూర దగ్గర నిలబడి నూనె తేలిందా అనే చూస్తుంది.

తినేముందు ఇంకో రెండు మాటలు. 'మాకాన్ సిని' అంటే ఇక్కడే తింటాం, 'బుంగ్‌కుస్' అంటే పొట్లం కట్టండి. టీ దగ్గర జాగ్రత్త. తే తారిక్‌లో పడేది గట్టి తీపిపాలు, పైనుంచి కిందికి సాగదీసి నురగ కడతారు. తీపి తగ్గాలంటే 'కురాంగ్ మానిస్'. పాలు వద్దంటే 'తే ఓ'. పాలూ పంచదారా రెండూ వద్దంటే 'తే ఓ కొసొంగ్'. షుగరున్నవాళ్లు ఈ చివరి మాట రాసి పెట్టుకోండి.

ఈ టీ బాగా దొరికేది మామాక్ కొట్లలో. తమిళ ముస్లింలు నడిపేవి అవి. మామాక్ అన్న పిలుపు తమిళుల 'మామా' నుంచి వచ్చింది, మన మామ లాంటిదే. వాళ్ల నాసి కండర్ పెనాంగ్‌లో పుట్టింది. కండర్ అంటే భుజాన మోసే కావడి. ఒకప్పుడు కావడికి ఒకవైపు అన్నం, రెండోవైపు కూరలు పెట్టుకుని రేవులో తిరిగి అమ్మేవారు. 'బంజిర్' అని అడిగితే అన్ని కూరల పులుసులూ కలిపి అన్నం మునిగేలా పోస్తారు, ఆ మాటకు వరద అనే అర్థం. మనవాళ్లకూ ఈ నేల కొత్తది కాదు. తోటల పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతుక్ వైపు కొబ్బరితోటల్లో స్థిరపడ్డాయి. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. మలయ్ భాషలో రుచిని 'రాసా' అంటారు, పంచదారను 'గులా' అంటారు. మొదటిది మన రసం, రెండోది గుడం. వినగా వినగా ఆ భాష అంత పరాయిగా అనిపించదు.

తినకూడనివి ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి. 'డాగింగ్' అంటే మాంసం, వాడుకలో చాలాసార్లు గొడ్డుమాంసమే. రెండాంగ్ డాగింగ్ అని ఉంటే అదే అనుకోండి. 'ఆయమ్' కోడి, 'కంబింగ్' మేక, 'ఇకాన్' చేప, 'ఉడాంగ్' రొయ్య, 'తెలుర్' గుడ్డు, 'సాయుర్' కూరగాయ. పంది మలయ్, మామాక్ కొట్లలో ఉండదు, చైనీయుల కొట్లలో ఉండవచ్చు. ముస్లిం పాఠకులు హలాల్ గుర్తు చూసుకుంటే చాలు. శాకాహారులకు అసలు సమస్య మాంసంతో కాదు, బెలాచాన్‌తో. చిట్టి రొయ్యల్ని ఉప్పువేసి పులియబెట్టి, దంచి, ఎండబెట్టిన ముద్ద అది. సాంబల్‌లో ఉంటుంది, తూటికూర వేపుడులో ఉంటుంది, చూడటానికి పచ్చగా ఉన్న కూరలో కూడా ఎండురొయ్య పడి ఉండొచ్చు. 'సాయుర్' అన్న ఒక్క మాట నమ్ముకోకండి. 'బెలాచాన్ అడా?' అంటే బెలాచాన్ ఉందా అని. 'తక్ అడా' అంటే లేదు.

అలాగని శాకాహారులు పస్తుండనక్కర్లేదు. రెండో ప్రయాణంలో అమ్మ మొదటి పూట రోటి చానాయ్ తింది. పిండిలో గుడ్డు పడలేదనీ, పప్పులో చేపపులుసు కలపలేదనీ అడిగి తెలుసుకున్నాకే తింది. మర్నాడు పుతు మాయమ్. మన ఇడియాప్పమే, పచ్చికొబ్బరి, బెల్లంపొడితో ఇస్తారు. కుయిహ్ బల్ల దగ్గర ఆవిడకు పండగే. పులుత్ ఇంతి అంటే అరటాకులో కట్టిన జిగురుబియ్యం, నెత్తిన బెల్లంలో ఉడికిన కొబ్బరి. ఒండె ఒండె మరీ ఇష్టపడింది. పందాన్ రంగుతో పచ్చగా ఉండే చిన్న ఉండ, బయట కొబ్బరికోరు, లోపల గులా మెలాకా. తాటిబెల్లం వాసన తెలిసినవాళ్లకు ఆ కొబ్బరిచెట్టు బెల్లం వాసన సొంతింటిలా ఉంటుంది. ఉండను సగం కొరకకండి, పాకం చిమ్ముతుంది. ఒక్కసారే నోట్లో వేసుకుని పెదవులు మూసి నమలండి. ఇలాంటివి పొద్దున చేసినవి పొద్దునే తినాలి, ఎండలో సాయంత్రం దాకా ఉన్న కొబ్బరిని ముట్టుకోవద్దు. కడుపు భయం ఉన్నవాళ్లకు ఇంకో గుర్తు: చేతులు ఖాళీ లేకుండా అమ్ముతున్న బల్లను నమ్మండి, తిండి నిలవ ఉండే వీలుండదు.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం బాగుంటుంది. దాన్ని చివరి రోజుకు ఉంచుకోండి. అన్నం, సాంబారు, అప్పడం మనకు తెలిసిన రుచులే. కేఎల్ సెంట్రల్ స్టేషను పక్కనే కాబట్టి విమానాశ్రయానికి వెళ్లే రోజు సామానుతో అక్కడ ఆగొచ్చు. సాయంత్రం ఒకటి మిగిలితే ఎంఆర్‌టీ ఎక్కి స్టేడియం కాజాంగ్‌లో దిగండి. సాతే అంటే కాజాంగే. పుల్లలకు గుచ్చి నిప్పులమీద కాల్చిన ముక్కలు, పక్కన పల్లీ పులుసు. నిప్పులమీద నుంచి తళతళలాడుతూ వచ్చినవి వెంటనే తినాలి. బుధవారం ఊళ్లో ఉంటే తామన్ కాన్నాట్ రాత్రి సంత, శనివారమైతే మస్జిద్ ఇండియా పక్క సంత.

టికెట్టు కొనేముందు క్యాలెండరు చూడండి. రంజాన్ నెలలో మలయ్ కొట్లు పగలు చాలావరకు మూసి ఉంటాయి. మధ్యాహ్నం మూడు దాటాక వీధి వీధినా రంజాన్ బజార్లు లేస్తాయి. ఏడాది పొడవునా కనిపించని వంటలు ఆ బల్లలమీదికి వస్తాయి. నా లెక్కలో తిండి కోసం వెళ్లేవాళ్లకు అదే మంచి కాలం. నెల ముగిసి హరి రాయా పండగ వచ్చిందంటే సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయినట్టు ఆ ఊరు ఖాళీ అయిపోతుంది. వండేవాళ్లంతా సొంత ఊళ్లకు వెళ్లిపోతారు. ఆ వారం వెళ్లకండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ కూడా చాలా కొట్లు మూస్తారు, ఆ రోజు అన్నం పన్నెండుకే ముగించుకోండి.

జేబులో చిన్న నోట్లు ఉంచుకోండి. రాత్రి పడుకునే ముందు అలారం ఆరింటికి పెట్టండి. పొద్దున లిఫ్టు దిగి, పెద్ద రోడ్డు వైపు కాకుండా హోటల్ వెనక సందు వైపు నడవండి. తొమ్మిది దాటితే ఆ బల్ల అక్కడ ఉండదు.